ఆమేన్ కాకముందే

కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్న మనిషితో ఎవరూ వాదించలేరు. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సంగతి ఇదే.

హౌరా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ప్రతి బుధవారం మధ్యాహ్నం తెలుగు ఆడవాళ్ళ ప్రార్థన కూటం జరుగుతుంది. మొన్నటిదాకా దాన్ని నడిపిన బైబిలమ్మను నేను. పాస్టరుగారు ఆదివారం చెప్పిన దాన్ని వారమంతా ఇంటింటికీ తిరిగి మళ్ళీ చెప్పడం, రోగుల పక్కన కూర్చోవడం, మొగుడూ పెళ్ళాల తగువులు తీర్చడం నా పని. విశాఖపట్నంలో డిగ్రీ పుచ్చుకుని వచ్చాను. పెళ్ళి ఊసెత్తిన ప్రతివాళ్ళనీ కసిరికొట్టి, ఈ ఊళ్ళోనే తల నెరిపించుకున్నాను.

కూటానికో పద్ధతి ఉంది. ముందు ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకుంటారు. అల్లుడి తాగుడు, కోడలి కాన్పు, కొడుకు ఇంటర్వ్యూ. తరవాత అందరూ కళ్ళు మూసుకుంటే వాటన్నిటినీ నేను దేవుడికి ఒప్పజెబుతాను. ఒప్పజెప్పేటప్పుడు నావీ నాలుగు మాటలు కలిపేదాన్ని. "ప్రభువా, పాటలు అయిపోయాక వచ్చి టీ మాత్రం ముందుగా అందుకునే బిడ్డల్ని క్షమించు." "కోడలు వండిన ప్రతి కూరకీ వంకపెట్టే నోటికి నువ్వే కాపలా కాయి తండ్రీ." తగలాల్సిన వాళ్ళకి తగిలేది. ఆమేన్ అనడం తప్ప ఎవరూ చేయగలిగింది లేదు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవడం మహాపాపమని నేనే నేర్పాను. ఎవరైనా తెరిచారేమో చూడ్డానికి నేను మాత్రం ఒక కన్ను తెరిచేదాన్ని.

మా సంఘంలో బైబిలమ్మలకి యాభై ఎనిమిదికి విశ్రాంతి. నా వీడ్కోలు కూటం కూడా ఎప్పటిలాగే పాటలు ఎత్తే ఆవిడ ఇంట్లోనే పెట్టారు. ఆవిడది నా ఈడే, భర్త రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, క్వార్టరు ఇప్పుడు కొడుకు పేర ఉంది. పాట ఎంత సాగదియ్యాలన్న దగ్గర మొదలై మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి పడదు. పడదంటే, బుధవారం ఆవిడతో ఒక తగువు పడకపోతే నాకు తిన్నది అరగదు.

గోడకి బెలూన్లు కట్టారు. నాకు బెంగాలీ నేత తాంతు చీర పెట్టారు, సందేశ్ మిఠాయి తినిపించారు. నా స్థానంలో వచ్చిన అమ్మాయి ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు పాటని బెంగాలీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది. పాడనీ అనుకుని నోరు నొక్కుకున్నాను. అందరూ "ఇక విశ్రాంతి తీసుకోండమ్మా" అంటున్నారు. వచ్చే బుధవారం రమ్మని ఒక్కరూ అనరే! హౌరాలో నా అద్దెగదిలో బుధవారం మధ్యాహ్నం కూర్చుని ఏం చెయ్యాలో నాకు తెలీదు. వాళ్ళే పిలవాలి. నేనెలా అడుగుతాను?

చివర నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ చేరి, తలమీదా భుజాలమీదా చేతులుంచారు. సేవ ముగించిన వాళ్ళ కోసం అలాగే ప్రార్థిస్తాం. పాటల ఆవిడ మొదలుపెట్టింది.

"దేవా, ఈయమ్మ ఎల్లిపోతంది. ఇన్నాళ్ళూ మా మీద అరిసింది. రేపట్నుంచి ఎవుల మీద అరుస్తాది తండ్రీ? ఆ గదిలో గోడలున్నాయి గానీ మనిసి లేదు. మా మనవులన్నీ నీకు సెప్పింది. తన మనవి మాకు ఒక్కపాలీ సెప్పలేదు. మమ్మల్ని అంతపాటి మనుసులుగా ఎంచలేదు గావాల..."

"ఎవరే ఎంచనిది?"

ఆ గొంతు నాదేనని తెలియడానికి నాకు క్షణం పట్టింది. అప్పటికే కళ్ళు తెరిచేశాను, ఆగలేకపోయాను. "నీ ఆపరేషనప్పుడు ఆసుపత్రిలో నీ పక్కన కూర్చున్నది ఎవరు? గోడలట, గోడలు! నా గోడల సంగతి నీకెందుకు?"

గదిలో అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. చేతులు మాత్రం ఇంకా నా తలమీదే ఉన్నాయి. కొత్త అమ్మాయి నోరు తెరిచి చూస్తోంది. పాటల ఆవిడ ఒక్కతే కళ్ళు మూసుకుని, నేను ముగించేదాకా ఓపిగ్గా నిలబడింది.

"సూసినావు గదా తండ్రీ. ఇంక నువ్వే సూసుకో. ఆమేన్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తరవాత అందరూ నవ్వారు. ఆ నవ్వులో పగ లేదు, అదే నేను తట్టుకోలేకపోయాను. లోకల్‌కి టైమైందని చెప్పి బయటపడ్డాను. స్టేషనులో హౌరా బండి వచ్చింది, వెళ్ళింది, నేను బెంచీ మీదే కూర్చున్నాను. ప్రార్థన చెడగొట్టినందుకు సిగ్గేసింది. చేసిన సాయం నలుగురిలో ఎత్తిపొడిచినందుకు అంతకన్నా సిగ్గేసింది. ఆవిడ చెప్పింది నిజం కాకపోతే నేను అంత గట్టిగా అరిచేదాన్ని కాదు.

ఇంటికి వెళ్ళాక చూస్తే చీర తేలేదు.

మరుసటి బుధవారం ఆ చీర వంకతోనే వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. పాటలైపోయాయి, టీలు నడుస్తున్నాయి. ఏ వేళకి వచ్చేవాళ్ళని క్షమించమని దేవుణ్ణి అడిగేదాన్నో, సరిగ్గా ఆ వేళకే వచ్చాను.

"ఓలమ్మ, వొచ్చీసినారా!" అంది పాటల ఆవిడ. "సీర కోసమా, మా కోసమా?"

"చీర కోసమే."

"ఐతే అదిగో కుర్సీ మీదుంది, అట్టుకుపోండి." అంటూనే చాపమీద పక్కకి జరిగింది.

కూర్చున్నాను. వరసలో కూర్చున్నవాళ్ళని మనవి అడగడం కొత్త అమ్మాయికి విధి. పిన్నిని పిలిచే బెంగాలీ మాటతో బెదురుగానే అడిగింది. "మాసీ, మీ మనవి ఏంటి?"

"మోకాళ్ళ నొప్పులు."

"అవి నావి," అంది పాటల ఆవిడ. "నా మోకాళ్ళు మీరు వాడీసుకోకండి. మీది సెప్పండి."

ఎన్ని ఇళ్ళలో ఎంతమందిని ఇలా మధ్యలో కూర్చోబెట్టి, "సిగ్గుపడకండమ్మా, చెప్పండి" అన్నానో. ఎంత తేలిగ్గా అన్నాను!

"బుధవారాలు ఇంట్లో ఉండలేకపోతున్నాను," అన్నాను చాపవైపు చూస్తూ. "నన్నిక్కడికి రానివ్వమని..."

"దానికి దేవుడెందుకు? ఇల్లు నాది," అంది ఆవిడ. "రండి. అరవాలంటే నా మీద అరవండి. ఈ పిల్ల జోలికెల్లకండి."

అమ్మాయి ప్రార్థన మొదలుపెట్టింది. అందరి మనవుల మధ్యా నాదీ వచ్చింది, అల్లుడి తాగుడు తరవాత, ఎవరి కోడలి కాన్పుకో ముందు. నేను రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాను. తెరిస్తే అందరూ నావైపే చూస్తుంటారని భయం. చూస్తూనే ఉంటారు. నేనైతే చూసేదాన్ని.