ముప్పై ఒకటో నంబరు బిళ్ళ

మొన్న మధ్యాహ్నం భోజనాల వేళ మా మేనకోడలు బెంగుళూరు నుంచి ఫోనులో ఒక కాగితం ఫోటో పంపింది. దానికి ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు మంజూరైందట. పొద్దున పదింటికి అడిగితే పదిన్నరకు ఇచ్చేశారట. మధ్యలో ఎవరి గది బయటా నిలబడలేదు, ఎవరికీ దండం పెట్టలేదు, ఏ గుమాస్తా చేతా 'రేపు రా' అనిపించుకోలేదు. కింద 'నీకు నచ్చుతాదని పంపినా అత్తా' అని రాసింది. నచ్చకేం? ముప్పై ఏళ్ళకు పైగా ఆళ్ళగడ్డ, నంద్యాల ఆఫీసుల్లో ఇతరుల సెలవు ఫైళ్ళు నడిపినదాన్ని. బాలింతకు సెలవు కోయబోయిన అధికారితో వరండాలో నిలబడి వాదించి, ఆయన చేతనే సంతకం పెట్టించినదాన్ని. వెనకాల నన్ను సెలవుల రాకాసి అంటారని తెలుసు, ముందర అనే దమ్ము లేక వెనకాల అంటారు. అయినా ఆ కాగితం చూశాక కంచం ముందు నుంచి లేచిపోయాను. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు దాని తల్లికి రావలసిన పన్నెండు వారాల కోసం ఒక గదిలో అందరూ మాట్లాడుతుంటే, ఇంత నోరున్న నేను ఒక్క మాట మాట్లాడకుండా నిలబడిన పూట ఒకటుంది. ఇన్నేళ్ళూ దాన్ని ఎవరికీ చెప్పలేదు. మీరు నా ఈడువాళ్ళు గనుక చెప్తున్నాను, ఆ రోజుల్లో ఉద్యోగమంటే ఏమిటో మీకు వేరే వివరించక్కరలేదు.

డెబ్బైల చివర నంద్యాలలో డిగ్రీ పూర్తిచేసి, ఎనభైల మొదట్లో అక్కడే ఒక బుడ్డల మిల్లులో హాజరు రాసే పనికి కుదిరాను. వేరుశెనగ కాయల్ని మా వైపు బుడ్డలంటారు. మా నాయన ఆళ్ళగడ్డలో మిషన్ బడి పంతులు, ఆడపిల్ల మిల్లులో పనిచేయడం ఆయనకు ఇష్టం లేదు, కానీ ఆయనతో వాదించి గెలవడం నాకు పదేళ్ళప్పటి నుంచే అలవాటు. ఉండడానికి మా పెద్దమ్మ ఇల్లుంది, రైల్వే గేటు అవతల రెండు గదుల పెంకుటిల్లు. పెద్దమ్మా, ఆమె కోడలు, అంటే మా వదినా, ఇద్దరూ అదే మిల్లులో పప్పు జల్లించే పనిలో ఉండేవాళ్ళు. మా అన్న లారీ మీద వెళితే పది రోజులకో పదిహేను రోజులకో ఇల్లు చేరేవాడు. కాబట్టి ఆ ఇంట్లో మేము ముగ్గురమే, పొద్దున ఒకే చట్టిలో వండుకున్న సంగటి తిని ఒకే దారిన మిల్లుకు నడిచేవాళ్ళం. గేటు దాటాక మాత్రం వాళ్ళు కళ్ళంలోకి, నేను ఫ్యాను కిందికి.

ఆ మిల్లులో మనుషులకు పేర్లుండేవి కావు, బిళ్ళలుండేవి. రూపాయి కంటే కాస్త పెద్దవి, ఇత్తడివి, నంబరు కొట్టినవి. పెద్దమ్మది ముప్పై ఒకటి, వదినది నలభై ఏడు. పొద్దున లోపలికి వస్తూ ప్రతి మనిషీ తన బిళ్ళను గేటు దగ్గరి రేకు డబ్బాలో వేస్తే, నేను ఆ డబ్బా బల్ల మీద బోర్లించి, నంబర్లు చూసి పుస్తకంలో హాజరు వేసేదాన్ని, సాయంత్రం ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. వరసగా ఏడు రోజులు బిళ్ళ పడకపోతే మేస్త్రి ఆ నంబరును ఇంకొకరికి ఇచ్చేసేవాడు. బయట బిళ్ళ కోసం కాచుకున్నవాళ్ళు ఎప్పుడూ ఉండేవాళ్ళు. అందుకని ఒకరికి జ్వరమొస్తే ఇంట్లో ఇంకొకరు వాళ్ళ బిళ్ళ వేసి పనిచేయడం ఆ మిల్లులో మామూలు. పొట్టు దుమ్ముకు ఆడవాళ్ళందరూ తలా మొహమూ గుడ్డతో చుట్టుకుంటారు, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. అయినా మేస్త్రికి తెలుసు, పెద్ద గుమాస్తాకు తెలుసు, నాకూ తెలుసు. జల్లెడ ఆగకపోతే చాలు, దాన్ని తిప్పే చేతులెవరివైతేనేమని అందరం ఊరుకునేవాళ్ళం.

మా వదిన తొలి కాన్పు నేను అక్కడికి రాకముందు జరిగింది. నొప్పులు వచ్చేదాకా జల్లెడ పట్టి, జట్కా రైల్వే గేటు దగ్గరికి చేరేలోపే కనిందట. బిడ్డ మూడు రోజులు బతికింది. ఏడో రోజు పొద్దున వదిన నడుముకు చీర పీలిక బిగించి కట్టుకుని వచ్చి డబ్బాలో నలభై ఏడో బిళ్ళ వేసింది. ఈ మాట పెద్దమ్మ నాకు ఏడుస్తూ చెప్పలేదు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ మామూలుగా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. రెండోసారి వదినకు నెల తప్పగానే, పుస్తకాల అంగడికి పోయి కార్మిక చట్టాల చిన్న పుస్తకమొకటి కొనుక్కొచ్చి, కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు జీతంతో సెలవు ఇయ్యాలనీ, ఆ సెలవులో పనిలోంచి తీసేయకూడదనీ ఇద్దరికీ చదివి వినిపించాను. వదిన భయపడింది. "మనకెందుకు మ్మే ఇయన్నీ, ఉన్న బిళ్ళ కూడా పీకుతారు" అంది. నేను ఆమెను కసిరాను. ఏడో నెల నిండాక, కాళ్ళు వాచి కళ్ళు తిరుగుతున్నాయంటే ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ రక్తపోటు చూసి, ఇక ఒక్క రోజు కూడా నిలబడి పనిచేయకూడదని గట్టిగా చెప్పింది. ఇంటికి రాగానే నా చేత్తోనే అర్జీ రాశాను. సెలవుకు ముందటి ఏడాదిలో చట్టం అడిగే నూట అరవై పనిరోజుల కంటే ఎక్కువే పనిచేశానని వదిన పేరిట రాసి, ఆమె వేలిముద్ర వేయించి, ఒక నకలు కర్నూలు లేబర్ ఇన్‌స్పెక్టరుకు కూడా పోస్టు చేశాను. అంత ఉషారులో ఒక్క పని మాత్రం మరిచాను. హాజరు పుస్తకం నా దగ్గరే ఉంటుంది, అయినా రోజులు లెక్కపెట్టలేదు.

లెక్కపెట్టింది పెద్ద గుమాస్తా. సన్నగా, ఎప్పుడూ కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఉండే మనిషి. మిల్లు యజమాని శెట్టిగారి ముందర నన్ను నిలబెట్టి పుస్తకం నా వైపు తిప్పాడు. "నూట నలభై ఒకటి. ఇది నీ రాతే గదమ్మా?" అన్నాడు. శెట్టిగారు చెడ్డవాడు కాదు, కోపంగా కూడా లేడు, ఆశ్చర్యంగా ఉన్నాడు. "ఇన్నేండ్లుగా మిల్లులో ఎవురూ అడగనిది, నువ్వెందుకు ఆ చట్టం చదివినావమ్మా?" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగి, చివరికి ఇంకా పంతొమ్మిది రోజులు చేసి రమ్మను, చట్టప్రకారమే ఇస్తానన్నాడు.

ఆ పంతొమ్మిది రోజులు ఎక్కడ పోయాయో నాకు అప్పుడే గుర్తుకొచ్చింది. వానాకాలంలో పెద్దమ్మ విషజ్వరంతో నెలన్నర మంచం దిగలేదు. ఆమె బిళ్ళ పోకూడదని వదిన ఒకరోజు తన బిళ్ళ, ఒకరోజు అత్త బిళ్ళ వేసి రోజూ పనిచేసింది. ఇరవై రెండు రోజులు వదిన ఒంటి చాకిరీ ముప్పై ఒకటో నంబరు కింద ఉంది. రాసింది నేను. పొద్దున పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని సంగటి తిని, ఆమె దగ్గు విని, నొసలు తాకి చూసి, మిల్లుకొచ్చి ముప్పై ఒకటి హాజరు అని రాసినదాన్ని. ఈ సంగతి బయటపెడితే ఇద్దరి బిళ్ళలూ పోతాయి, దొంగ హాజరు రాసినందుకు నా పనీ పోతుంది. పని పోతే పోనీ, అంతకంటే పెద్ద భయం నాకు ఇంకోటుంది. సర్కారు కొలువు పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను. ఇన్‌స్పెక్టరు నా పేరు కాగితం మీద పెడితే ఆ కొలువు కూడా గోవిందా. రాత్రి ఇంట్లో ముగ్గురం సంగటి ముందు కూర్చున్నాం గాని ఎవరూ ఆ ఇరవై రెండు రోజుల మాట ఎత్తలేదు. పొద్దున లేచి వదిన గుడ్డ చుట్టుకుని, బిళ్ళ తీసుకుని బయలుదేరింది.

ఆ తర్వాతి రోజుల్లో కిటికీలోంచి చూస్తే కళ్ళంలో అందరి కంటే నెమ్మదిగా కదిలే జల్లెడ కనబడేది. అది కాసేపు ఆగితే నా కలం ఆగేది, కదిలితే కదిలేది. పెద్దమ్మ తన గంపతో పాటు వదిన గంప కూడా తానే మోసేది. సాయంత్రానికి వదిన కాళ్ళు చెప్పుల్లో పట్టేవి కావు, చెప్పులు చేత పట్టుకుని రైల్వే గేటు దాకా నడిచేది. నేను ప్రతి రోజూ నలభై ఏడుకు హాజరు వేసి, ఎన్ని మిగిలాయో పెన్సిలుతో మూల రాసుకునేదాన్ని. అది మిగిలిన రోజుల లెక్కో, ఆమె ఊపిరి లెక్కో నాకే తెలియదు.

పది మిగిలి ఉండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వస్తున్నాడని ముందురోజే మిల్లంతా తెలుసు. నేను పోస్టు చేసిన నకలు ఆయన చేతిలో ఉంది. శెట్టిగారి గదిలో ఆయనా, శెట్టిగారూ కుర్చీల్లో, గుమాస్తా బీరువా పక్కన, పుస్తకం పట్టుకుని నేను. వదినను పిలిపించారు. మొహం ఉబ్బి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి, గోడకు చేయి ఆనించి నిలబడింది. పిలవకపోయినా వెనకే పెద్దమ్మ కూడా వచ్చింది. అర్జీలో నూట అరవై దాటిందని ఉంది, పుస్తకంలో నూట యాభై ఉంది, ఏది నిజమని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఈ పుస్తకం రాసేదెవరని అడిగాడు. గుమాస్తా నా వైపు చూశాడు. నేను ఎవరింట్లో తింటున్నానో ఆయనకు తెలుసు, ఆ ఇంట్లో నెలన్నర మంచంలో ఉన్నదెవరో కూడా తెలుసు. నేను నోరు తెరిచాను. పరీక్ష ఫలితం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ ముందుకొచ్చి, రొంటిన దోపుకున్న బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. ఆ రోజు పొద్దున ఆమె దాన్ని డబ్బాలో వేయలేదని నాకప్పుడు తెలిసింది. పొద్దుటి హాజరులో ముప్పై ఒకటి ఖాళీగా ఉంటే, కాస్త ఆలస్యంగా వస్తుందేమో అనుకున్నాను.

"అయ్యా, వానాకాలం నేను జరంతో పడుంటి. నా బిళ్ళేసి చేసింది నా కోడలే. ఇరవై రెండు దినాలు. ఆ దినాలు దానియి, దానికే రాయండి. దొంగతనం నాది, నా బిళ్ళ తీస్కోండి" అంది.

ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, మరి ఈమెకు తెలియదా అన్నాడు.

"ఆ పిల్లకేం తెలుసు సారూ, బిళ్ళ చూసి రాస్తాది గానీ మొగాలు చూసి రాస్తాదా?" అంది పెద్దమ్మ, నా వైపు తిరగకుండానే.

ఇన్‌స్పెక్టరు పుస్తకంలో వానాకాలం పేజీలు తిప్పి చూసి, ఎవరు పనిచేస్తే ఆ రోజు వాళ్ళదేనన్నాడు, పుస్తకం దిద్దమన్నాడు. ఎర్ర సిరాతో ముప్పై ఒకటి కింద ఇరవై రెండు గళ్ళు కొట్టివేసి, నలభై ఏడు కింద ఇరవై రెండు హాజర్లు వేసి, ప్రతి దిద్దుబాటు పక్కనా నా పొడి సంతకం పెట్టాను. అందరూ చూస్తుండగా, ఒక్కొక్కటీ. శెట్టిగారు మాట ప్రకారం వదినకు పన్నెండు వారాలూ ఇచ్చాడు, మిల్లు రివాజు ప్రకారం పెద్దమ్మ బిళ్ళను మేస్త్రికి ఇచ్చాడు. మరునాడు పొద్దున ముప్పై ఒకటి డబ్బాలో పడింది, ఎవరో కొత్తమ్మాయి. ఆ రోజు గదిలోంచి బయటికి వస్తుంటే గుమాస్తా కళ్ళజోడు దించి, "ఏమ్మా, ఈ పొద్దు నోరు యాడ పెట్టొచ్చినావు?" అన్నాడు.

ఆ రోజు సాయంత్రం పెద్దమ్మ ఎప్పటిలాగే నా ముందు గిన్నె పెట్టి, "తిను మ్మే, రేపు మళ్ళీ పనికి పోవల్ల" అంది. తిట్టి ఉంటే వాదించేదాన్ని. మిల్లు పని పోయాక ఆమె పక్కనున్న బండి ఆత్మకూరు అనే ఊరి వైపు నాట్లకూ కలుపుకూ కూలికి పోయింది, అసలే జ్వరంతో దెబ్బతిన్న మోకాళ్ళు బురదలో పూర్తిగా పోయాయి. వదినకు నెలలు నిండి, ఆసుపత్రి మంచం మీద ఆడపిల్ల పుట్టింది. ఆరు వారాలు పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నలభై ఏడు కింద గళ్ళలో నేను సెలవు, సెలవు, సెలవు అని రాశాను. ఆ మిల్లు పుస్తకంలో ఒక కూలి ఆడమనిషి నంబరు కింద ఆ మాట పడడం అదే మొదలు. నాకు కొలువు వచ్చి ఆళ్ళగడ్డకు పోతుంటే పెద్దమ్మ కుంటుకుంటూ బస్టాండు దాకా వచ్చి, కిటికీలోంచి వేయించిన బుడ్డల పొట్లం ఇచ్చింది. చనిపోయేదాకా ఆ గదిలోని సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎందుకు మాట్లాడలేదని అడుగుతుందేమోనని నేను మాత్రం వెళ్ళిన ప్రతిసారీ కాచుకునేదాన్ని. ఆ తర్వాత ఎవరి సెలవు కోసం ఏ అధికారితో గొంతు పెంచినా, అది ఆ పూట రావలసిన గొంతేనని లోపల తెలుస్తూనే ఉండేది, ఎంత పెంచినా ఆ గదిదాకా పోయేది కాదు.

ఇప్పుడు మా ఆఫీసులో కూడా గోడకు వేలిముద్ర యంత్రం బిగించారు. ఎవరి వేలు వాళ్ళదే. మంచిదే, కాదనడానికి నాకేం హక్కుంది, మా వదినకు అప్పుడే అలాంటి యంత్రం ఉంటే ఆ ఇరవై రెండు రోజులు ఎక్కడికీ పోయేవి కావు. కానీ పొద్దున వేలు ఆనించేటప్పుడు ఒక్కోసారి అనిపిస్తుంది, మంచాన పడ్డ మనిషి చోటు పోకుండా ఇంకో మనిషి వెళ్ళి నిలబడే సందు ఇందులో ఎక్కడా లేదు గదా అని. హక్కులు పెరిగాయి, పన్నెండు వారాలు ఇరవై ఆరు అయ్యాయి, అడిగితే అరగంటలో ఇస్తున్నారు. బిళ్ళ తీసి బల్ల మీద పెట్టే మనిషి అవసరం లేకుండా పోయింది, అటువంటి మనుషులు కూడా ఎక్కడున్నారో కనబడడం లేదు.

మేనకోడలికి జవాబు రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. చివరికి, హాజరంతా నీ పేరు మీదే ఉంది గదా, ఒకసారి సరిగ్గా చూసుకో అని రాశాను. పిల్ల నవ్వుకుని ఉంటుంది.

"ఇంకెవరి పేరు మీద ఉంటాది అత్తా?" అని వచ్చింది.