మోత్కూరు దగ్గరి నేత వీధిలో తెగిన పన్నెండు పోగులు

ఈ ప్రయాణం మొదలైంది ఒక బ్లేడు వల్ల. మాది పాలమూరు వైపు. హైదరాబాద్‌లో ఎం.ఏ. చదువుతూ, పోటీ పరీక్షలకు కూడా తయారవుతున్నాను. మా గ్రంథాలయంలో తెలంగాణ చరిత్ర మీద మంచి పుస్తకం ఒకే ఒక్క ప్రతి ఉంది. మూడు వారాలు ఎదురుచూశాక అది నా చేతికొచ్చింది. తెరిచి చూస్తే, నాకు కావలసిన అధ్యాయం మొత్తం లేదు. ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. చింపలేదు, శ్రద్ధగా, కుట్టు వారగా కోశారు. అదే నా కడుపు మండించింది. జిరాక్స్ తీసుకుంటే ముప్పై రూపాయలు కూడా కాదు. వాళ్లకు ఆ పేజీలు కావడమే కాదు, మిగతా వాళ్లకు దొరక్కూడదు కూడా. గ్రంథాలయం ఆయన్ని అడిగితే, "ఏం చెయ్యమంటవమ్మా, ఎవరు కోసిన్రో ఎట్ల తెలుస్తది" అని మళ్లీ పేపర్లో తల పెట్టుకున్నాడు.

ఆ వారమంతా నాకు ఎవరిని చూసినా అదే బ్లేడు కనిపించింది. బస్సు కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకునేవాళ్లు, హాస్టల్లో బకెట్ నిండినా నల్లా కట్టెయ్యని వాళ్లు, లిఫ్టులోంచి దిగేవాళ్లకు దారివ్వకుండా లోపలికి తోసుకొచ్చేవాళ్లు. అందరితోనూ కొట్లాట పెట్టుకున్నాను. చివరికి నా రూమ్మేట్ సునీతకే విసుగొచ్చింది. "లోకాన్ని బాగుచేసుడు ఆదివారం బంద్ పెట్టు. మా ఇంటికి పోయి రాపో. నాకు పరీక్ష ఉంది గానీ మా అమ్మ ఉంటది, మంచిగ వండి పెడతది" అంది. వాళ్లది మోత్కూరు. దగ్గరలోనే ఒక నేత పల్లె ఉందనీ, తెల్లవారుజామున వీధిలో పడుగు పరిచి గంజి పెడతారనీ, చూడాల్సిందేననీ చెప్పింది. అక్కడి నుంచి యాదగిరిగుట్ట చూసుకుని రాత్రికల్లా హాస్టల్‌కి చేరొచ్చు.

శనివారం మధ్యాహ్నం ఉప్పల్‌లో తొర్రూరు బస్సు ఎక్కాను. భువనగిరి, ఆత్మకూరు మీదుగా మోత్కూరుకు సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టే. సెలవు రోజుల్లో నిలబడి వెళ్లడానికి మాత్రం సిద్ధపడండి. సునీత వాళ్లమ్మ ఆ రాత్రి జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టి, తెల్లారి అయిదున్నరకు ఆటో మాట్లాడింది. పోను రాను, అక్కడ రెండు గంటలు ఆగినందుకు కలిపి నాలుగు వందలు. డ్రైవరు జానీమియా, యాభై దాటిన మనిషి. ఊళ్లో అందరికీ జానీ కాకే.

ఆ పల్లె పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది. మోత్కూరు దాటి ఏడెనిమిది కిలోమీటర్లు, సగం దూరం మట్టి రోడ్డు. దారిలో జానీ కాక రెండు సార్లు వెనక్కి తిరిగి ఒకే మాట చెప్పాడు.

"బిడ్డా, వీధిల పడుగు పరిచి ఉంటది. కింద నుంచి దూరకు, మీద నుంచి దాటకు. చుట్టు తిరిగి పో. గా టైంల ఇంట్ల కోడిని సుత బయటికి ఇడువరు."

"సరే కాకా" అన్నాను. ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో చూసుకుంటూ అన్నాను.

వీధి మొదట్లోనే ఆటో ఆగింది. అక్కడి నుంచి లోపలికి బండ్లు పోవు, పోనివ్వరు. దాదాపు ఇరవై గజాల పొడవున, నడుము ఎత్తులో, కర్రల మీద లాగి కట్టిన తెల్లని నూలు. అంచుల్లో మాత్రం మిరపపండు రంగు. ఇదే పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా ఉండే దారాలు. గంజి పట్టిస్తే దారం గట్టిపడి, నేసేటప్పుడు తెగకుండా ఉంటుంది. గంజి పట్టించడానికి పొడవాటి కుంచె ఉంటుంది, రెండు చేతులతో పట్టుకోవాలి. పడుగుకు అటొకరు ఇటొకరు నిలబడి ఒకే అడుగు, ఒకే లాగుడుతో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తారు. ఎండ ఎక్కకముందే అయిపోవాలి.

పడుగు నర్సయ్య తాతది. డెబ్బై దాటాయి. ఇటువైపు కుంచె ఆయనది, అటువైపు పక్కింటి ఎల్లయ్యది. నర్సయ్య భార్య లచ్చవ్వ గిన్నెలో గంజి కలుపుతోంది. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు అతుక్కున్న పోగులను వేళ్లతో విడదీస్తున్నారు. వాళ్లంతా చుట్టుపక్కల ఇళ్లవాళ్లే. కూలి ఎంత అని అడిగితే లచ్చవ్వ నవ్వింది. "కూలేంది? ఇయ్యాల మాది, రేపు ఎల్లయ్యది. వాళ్ల పడుగుకు మేం పోతం. ఒక్కలతోని అయ్యే పనేనా ఇది?"

ఇలాంటి మాట వినడానికే నేను ఊరు దాటి వచ్చానని అనిపించింది. ఈ బ్లాగు పోస్టుకు మొదటి వాక్యం కూడా మనసులో రాసేసుకున్నాను. ఇక ఫోటో కావాలి. నేనున్న వైపు నుంచి తీస్తే ఎండ కెమెరాలోకి కొడుతోంది. అవతలి వైపు నుంచైతే దారాల మీద వెలుగు బాగుంటుంది. చుట్టు తిరగాలంటే చివరి ఇంటి వెనక నుంచి ఒక నిమిషం నడక. వాళ్లంతా ఆ చివర ఉన్నారు, వీపులు ఇటు ఉన్నాయి. నేను వంగి పడుగు కింద నుంచి దూరాను.

లేచేటప్పుడు వీపు మీది సంచి పట్టుకుంది. బిగుతుగా అనిపించి, చూసుకోకుండా గుంజాను. చప్పుడేమీ కాలేదు. తిరిగి చూస్తే సంచి జిప్పుకు తడి దారపు ముక్క వేలాడుతోంది. పడుగులోంచి పన్నెండు పోగులు తెగి కిందికి జారాయి. లెక్కపెట్టాను, అందుకే చెబుతున్నాను. తలెత్తి చూశాను. ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. జిప్పుకు చిక్కిన దారం తీసి జేబులో పెట్టుకున్నాను. వేల పోగుల్లో పన్నెండు ఎంత, వాళ్లకు ఇవి అలవాటే కదా, ఎలాగూ సరిచేసుకుంటారు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫోటో కూడా తీశాను. తర్వాత చుట్టు తిరిగి (అప్పుడు మాత్రం బుద్ధిగా చుట్టు తిరిగి) ఆటో దగ్గరికి వచ్చేశాను. జానీ కాక కిరాణా దుకాణం ముందు చాయ్ తాగుతున్నాడు.

"పోదాం కాకా. గుట్ట బస్సు పోతది."

"ఇంత జల్ది అయిందా? చాయ్ తాగు. బస్సుకు ఇంకా మస్తు టైం ఉంది" అన్నాడు.

చాయ్ చేతికొచ్చేలోపు, ఇందాక పోగులు విడదీస్తున్న ముగ్గురిలో ఒకామె దుకాణానికి వచ్చింది. అడక్కుండానే జానీ కాకతో చెప్పింది. "పోగులు తెగినయన్నా. నర్సయ్య మామ కుంచె కింద పెట్టిండు. ‘నా చెయ్యి వణుకుతాంది, నా కుంచెనే తాకింది, ఇగ నాతోని గాదు’ అంటుండు. రేపు ఎల్లయ్య పడుగుకు సుత రాడంట. అవ్వ ఎంత చెప్పినా ఇంటలేడు."

"అయ్యో! నర్సయ్య చెయ్యా? గా చెయ్యి ఎన్నడు తప్పలే" అన్నాడు జానీ కాక.

నాకు మొదట కలిగింది జాలి కాదు, ఊరట. నేరం ఇంకొకరి మీద పడింది, నేను బయటపడ్డాను. అది నా లోపల కదిలిన క్షణం నాకు స్పష్టంగా తెలిసింది. ఆ వెంటనే గ్రంథాలయంలో పుస్తకం గుర్తొచ్చింది. ఆ బ్లేడు మనిషి కూడా ఇలాగే అటూ ఇటూ చూసి ఉంటాడు. ఎవరూ చూడలేదని సంచి సర్దుకుని ఉంటాడు. వారం రోజులుగా నేను తిట్టిన తిట్లన్నీ నాకే తగులుతున్నాయి. నేను తెంపింది దారమే, కానీ నోరు మూసుకుని వెళ్లిపోతే, ఒక ముసలాయన తన చేతుల మీద నమ్మకం పోగొట్టుకుని మిగతా రోజులు గడుపుతాడు. ఎందుకో ఆయనకు ఎప్పటికీ తెలియదు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసి వీధిలోకి పరుగెత్తాను.

నర్సయ్య తాత అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లించి చూసుకుంటున్నాడు. ఎల్లయ్య ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"తాతా, పోగులు తెంపింది నేను. కింద నుంచి దూరిన. నా సంచి పట్టుకుంది" అన్నాను. జేబులోంచి దారం ముక్క తీసి చూపించాను.

ఆయన తలెత్తాడు. "నా కుంచె గాదా?"

"కాదు తాతా."

"మల్ల చెప్పు."

"నీ కుంచె కాదు. నా సంచే."

లచ్చవ్వ మాత్రం ఊరుకోలేదు. "కండ్లు నెత్తిమీద పెట్టుకొని నడుస్తరా మీరు? చదువుకున్నోళ్లేనా? తెంపితే తెంపినవ్, అప్పుడే నోరుంది గదా, చెప్పొద్దా? ముసలాయన పానం తీసినవ్ గదనే!" ప్రతి మాటా నాకు రావలసిందే. కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను. తిట్టడం అయ్యాక ఆమే నీళ్ల చెంబు నా చేతికిచ్చింది. "ఏడుపు తర్వాత. గంజి ఆరితే పోగులు పక్కదానికి అంటుకుంటయ్. జర జర చల్లు."

నేను నీళ్లు చల్లుతుంటే నర్సయ్య తాత వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కో పోగుకు కొత్త దారం చేర్చి, నలిపి, అతికాడు. ముడి వెయ్యలేదు, రెండు కొసలనూ మెలిపెట్టడమే. ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి, అబద్ధం చెప్పను. కానీ కొస మీదికి వేలు రాగానే ఆ వణుకు ఆగిపోయేది. పన్నెండూ అతకడానికి ముప్పావు గంట పట్టింది. ఎండ గడపల మీదికి వచ్చేసింది. ఆయన లేచి, కుంచె తీసుకుని, ఎల్లయ్య వైపు చూశాడు.

"రేపు పొద్దుగాల ఎన్నింటికి మీది?"

"అయిదింటికి" అన్నాడు ఎల్లయ్య.

"వస్త తియ్" అని తాత నడక మొదలుపెట్టాడు.

తిరుగు దారిలో జానీ కాక ఒక్కసారే వెనక్కి తిరిగాడు. "చెప్పిన గదా బిడ్డా" అన్నాడు, అంతే. ఆగమన్న దానికన్నా అరగంట ఎక్కువ ఆగినా, మాట్లాడుకున్న దానికి మించి తీసుకోలేదు. మోత్కూరులో పదిన్నర బస్సు ఎక్కి, రాయగిరిలో దిగి, షేర్ ఆటోలో యాదగిరిగుట్ట చేరేసరికి మధ్యాహ్నమైంది. ధర్మదర్శనం వరుసలో రెండు గంటలు. మధ్యలో ఒకామె పక్క నుంచి దూరబోతే, "అక్కా, వరస వెనక ఉంది" అన్నాను. ఎప్పటిలా గొంతు లేవలేదు. ఆమె వెనక్కి వెళ్లి నిలబడింది.

స్వార్థం మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. కానీ ఇన్నాళ్లూ ఆ పేజీలు కోసిన మనిషిని ఎవరో దుర్మార్గుడిగా ఊహించుకున్నాను. ఇప్పుడు తొందరలో, ఒంటరిగా, చుట్టూ ఎవరూ లేని సమయంలో ఉన్న నాలాంటి విద్యార్థే కనిపిస్తున్నాడు. అతనికి తెలియనిది ఒక్కటే, ఆ పుస్తకం కోసం తర్వాత వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో. నాకు మాత్రం నర్సయ్య తాత ముఖం కనిపించింది. సోమవారం ఇంకో కాలేజీ గ్రంథాలయంలో అదే పుస్తకం వెతికి, ఆ అధ్యాయం జిరాక్స్ తీయించి, మా పుస్తకంలో వరసగా అతికించి ఇచ్చాను. గ్రంథాలయం ఆయన ఈసారి పేపర్ పక్కన పెట్టాడు.

నాలా ఫోటోల కోసం ఇంకో సంచి ఆ వీధిలోకి దూరకూడదనే పల్లె పేరు రాయలేదు. ఏ నేత పల్లెకైనా మీరు వెళ్లేటట్టయితే నేను చెప్పేది ఒక్కటే. తెల్లవారి ఆరులోపు చేరండి, పడుగు కనిపిస్తే ఎంత దూరమైనా చుట్టు తిరిగి వెళ్లండి. ఒకవేళ తెంపితే, గంజి ఆరకముందే చెప్పండి.