పాడె మోసినవాడికి ఓటు

మా ఊళ్లో సర్పంచ్‌కు నిలబడ్డవాణ్ణి తూచే పద్ధతి ఒకటుంది. ఏం చదివాడో అడగరు, గెలిస్తే ఏం చేస్తాడో అడగరు. హోటల్ ముందు చాయ్ తాగుతూ ఒక్కటే అడుగుతారు: "మనోళ్ల సావుకు వచ్చిండా?" వచ్చి మొహం చూపించిపోతే లెక్కలోకి రాదు. పాడె మోయాలి. నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే దారిలో మాది చిన్న ఊరు, మాకు ఈ తూకమే తెలుసు. నేనూ దీన్ని నమ్మినవాణ్ణే. కాదన్నవాళ్లతో కొట్లాడినవాణ్ణి కూడా.

ఓట్లు ఇంకా ఇరవై రోజులున్నాయనగా మా అమ్మ పోయింది. నిలబడ్డ ఇద్దరిలో ఒకడు నా దోస్తు, ఒకటో తరగతి నుంచి పక్కపక్కన కూర్చున్నవాళ్లం. వాడు పాడె ముందువైపు ఎత్తుకున్నాడు. మిగతావాళ్లు మధ్యలో మారారు, వాడు మారలేదు. దారి పొడుగునా ఏడ్చాడు. అగ్గికుండ పట్టుకుని ముందు నడుస్తున్న నాకు మాత్రం కంట్లో చుక్క రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టు ఉండింది. స్నానాలు చేసి తిరిగొస్తూ పదిమంది ముందు వాడి చెయ్యి పట్టుకున్నాను. "మా ఇంట్ల ఓట్లు నీవేరా. మాటిస్తున్న" అన్నాను.

రెండోవాడు కిరాణా దుకాణం ఆయన. ఇంట్లో కన్నడం మాట్లాడతారు. ఆయన రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

దినాలయ్యాక మర్నాడు నేనూ నా భార్యా చేనులో కంది కొడుతున్నాం. ఆమె కట్టె పక్కన పెట్టి, "నీ దోస్తుకు నేనెయ్య" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నల్గుర్ల మాటిచ్చిన. నా ఇజ్జత్ తీస్తవా ఏంది?"

"ఇయ్యాల్టిదాంక నీకు చెప్పలే. గా రోజు అత్తకు దమ్మాడకపోతే నీకు ఫోన్ జేసిన, కలువలే. జీపున్నది నీ దోస్తుకే గదా అని గాయనకు జేసిన. 'పది నిమిషాల్ల వస్తున్న' అన్నడు. గా మాట మీదనే ఆటో పిలువలే. గంటసేపు దర్వాజల నిలబడ్డ." అప్పుడు ఆటో పిలిచిందట. రోడ్డెక్కకముందే అమ్మ పోయింది.

ఆ గంటసేపూ నేను ఆ జీపులోనే ఉన్నాను.

వాడి పక్క సీట్లో. ఖేడ్‌లో పోస్టర్లు తీసుకుని, అటునుంచి అటే మా ఊరి తండాలో ప్రచారానికి పోతున్నాం. నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. వాడి ఫోన్ మోగింది. "వస్తున్న, పది నిమిషాల్ల వస్తున్న" అని పెట్టేశాడు. "ఎవర్రా?" అన్నాను. "ఎవరో ఒకలు. ఓట్లప్పుడు ఎవ్వరికీ లేదనొద్దురా" అన్నాడు. నేను నవ్వాను. పడీపడీ నవ్వాను. నా దోస్తు తెలివికి మురిసిపోయాను, థూ.

సాయంత్రం వాళ్లింటికి పోయి అడిగాను. అబద్ధమాడతాడనుకున్నాను, ఆడలేదు. "తెలుసురా. చెప్తే నువ్వు దిగిపోతవని చెప్పలే. తండాల నువ్వుంటేనే నా మాట ఇంటరు. ముసలామెకు రోజుండే దమ్మే గదా అనుకున్న. గింత అయితదనుకోలే" అని మళ్లీ ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, వాడి ఏడుపు నాకు తెలుసు. చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. వాళ్లావిడ చాయ్ తెస్తే తాగి వచ్చేశాను.

తర్వాత రోజూ అదే ఆలోచన. నన్ను దింపకుండా తిప్పినవాడు వీడే, మా అమ్మను భుజం మార్చకుండా మోసినవాడూ వీడే. ఏది అసలు మనిషి అంటే ఏం చెప్పను? కోపం రావాలి, రాదు. కందులు చెరుగుతాను, ఎద్దులకు నీళ్లు పెడతాను, అన్నం తింటాను, ఉప్పుందో లేదో తెలీదు. ఇచ్చిన మాట ఒకటుంది. తప్పితే నలుగురిలో నేను మాటలేని మనిషినవుతాను. నిలబెట్టుకుంటే గంటసేపు దర్వాజలో నిలబడ్డ నా భార్య మొహం ఎట్లా చూడాలి?

ఓట్ల రోజు బడికి పోయాం. కాగితం చేతికిచ్చారు. అట్ట చాటున చాలాసేపు నిలబడ్డాను. "జల్దీ కానీ" అని వెనకనుంచి ఎవరో అన్నారు. దుకాణం ఆయన గుర్తు మీద ముద్ర కొట్టి, మడిచి డబ్బాలో వేశాను. ఆయన మంచివాడో కాదో నాకిప్పటికీ తెలీదు.

బయట, వేప చెట్టు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. కళ్లు లోపలికి పోయాయి, గడ్డం పెరిగింది. "ఏసినవారా?" అన్నాడు మెల్లగా.

"ఏసిన. నీకే" అన్నాను.

గొంతు తడబడలేదు. వాడి మొహం విచ్చుకుంది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

ఇంటికొచ్చాక అంతా నా భార్యకు చెప్పాను. ఓటు ఎవరికి వేశానో చెప్పాను, వాడితో ఏమన్నానో కూడా చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె చేటలోంచి తలెత్తింది.

"గా రోజు ఫోన్ల గాయన గూడ నాతోని గిట్లనే 'వస్తున్న' అన్నడు" అంది.