జాలీ వెనక పేరు

మా కంప్యూటర్ సార్ పోయారని మంగళవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "మా అబ్బా నిద్రల్నే పోయిండ్రు ఆంటీ. తక్లీఫ్ ఏం పడలే," అంది. ఫోన్ పెట్టేశాక మా మనవరాలు "ఎవరు అమ్మమ్మా?" అని అడిగింది. "నలభై రెండేళ్ళ వయసులో నాకు అక్షరాభ్యాసం చేయించినాయన," అన్నాను.

ఎనభైల చివరి మాట. గుంటూరు నుంచి వచ్చి హైదరాబాద్ పాతబస్తీలో, గౌలిపురలో అద్దెకుండేవాళ్ళం. ఎం.ఎ. చదివిన నేను ఒక సర్కారు ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు ఇతరుల ఉత్తరాలు టైపు చేశాను. వాళ్ళ కామాలు దిద్దినందుకు పొగరుబోతునన్న పేరు కూడా తెచ్చుకున్నాను. పరీక్ష ఫలితాలు తయారుచేసే ఆ ఆఫీసుకు మూడు యూనిక్స్ మిషన్లు వచ్చినప్పుడు, సార్ ఏరికోరి నన్నే అడిగారు. "తప్పులు పట్టే మనిషి కావాలె నాకు," అన్నారట. మా సెక్షన్ ఆఫీసరు మాత్రం ఆర్నెల్లు గడువు పెట్టాడు. ఈలోగా ఒక్క పొరపాటు జరిగినా మళ్ళీ టైపింగ్ సెక్షనే. ఆ టైపు మిషన్ల మోతలోకి మళ్ళీ వెళ్ళడం కంటే వంటింట్లో కూర్చోవడం నయమని నేను అప్పటికే నిశ్చయించుకున్నాను. వంటింటితో నాకున్న సఖ్యత తెలిసినవాళ్ళకు ఇది ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది.

సార్‌ది హుస్సేనీ ఆలం. తాతల నాటి నుంచి అత్తరు వ్యాపారం. చెవి మడతలో చిన్న అత్తరు దూది ఎప్పుడూ ఉండేది. మూడు మిషన్లకు మోతియా, హీనా, ఖస్ అని అత్తర్ల పేర్లు పెట్టారు. చాయ్ సాసర్లో పోసుకుని, ముందు వాసన చూసి, అప్పుడు తాగేవారు. రెండే వేళ్ళతో, కోడి గింజలు ఏరినట్టు టైపు చేసేవారు. నేను చూడలేక మొహం తిప్పుకునేదాన్ని.

మొదటి వారం అడిగాను, "మిషన్‌కి ఈ పేర్లు ఎలా తెలుస్తాయి సార్?"

"తెల్వదమ్మా. దానికి నంబరే ఎరుక. మా గల్లీకి ఉల్టా. మా గల్లీల నంబర్ పట్టుకొని తిరిగితే పొద్దుగూకినా ఇల్లు దొరకది. అత్తరోళ్ళ ఇల్లంటే మేక గూడ చూపిస్తది. మనిషికి పేరు, మిషన్‌కి నంబరు. నడుమ గీ ఫైలు."

ఆ ఫైలు పేరు హోస్ట్స్. వరుసకో మిషను, ఎడమవైపు నంబరు, కుడివైపు పేరు. హీనాకు ఏదైనా పంపమంటే మోతియా ఈ ఫైలు తెరిచి, పైనుంచి చదువుకుంటూ వచ్చి, హీనా పక్కనున్న నంబరుకు పంపుతుంది. అంతే. ఇంత చిన్న సంగతికి చెప్పులు విప్పించి అంత చలి ఏసీ గదిలో కూర్చోబెట్టాలా అనిపించింది.

ఇంకొకటి నేర్పారు. రెండు నిలువు గీతల మీద రెండు అడ్డగీతలున్న గుర్తు ఒకటి ఉంటుంది కదా, దాన్ని వరుసకు ముందు పెడితే మిషను ఆ వరుసను చదవదు. సార్ దాన్ని జాలీ అనేవారు. ఆ ఏడు ఈద్‌కి షీర్ ఖుర్మాకు పిలిచినప్పుడు, వాళ్ళ బేగంగారి పక్కన మేడ మీద కిటికీకున్న చిల్లుల చెక్క జాలీ వెనక కూర్చున్నాను. గల్లీలో నడిచేవాళ్ళంతా మాకు కనిపించారు. మేం ఒక్కరికీ కనిపించలేదు. "గంతే అమ్మా. జాలీ ఎనకది మిషన్‌కి కనబడది, మనకు కనబడ్తది. ఏ వరుసా తుడవకుండ్రి. జాలీ ఎయ్యుండ్రి. పోయినోళ్ళ పతా గూడ ఒకనాడు పనికొస్తది," అన్నారు సార్.

వరుస చివర మరో జాలీ, దాని వెనక మార్చినవాళ్ళ పొట్టి సంతకం, ఆ పక్కన సరిచూసినవాళ్ళది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. సార్ పద్ధతి.

ఐదో నెలలో హీనాను ప్రింటరుతో సహా మేడ మీది గదికి మార్చి, దానికి కొత్త నంబరు ఇచ్చారు. పాత నంబరు ఖస్‌కి వెళ్ళింది. నేను ఫైలు అడుగున హీనాకు కొత్త వరుస ముత్యాల్లా రాసి, సంతకం పెట్టాను. పైనున్న పాత వరుసకు జాలీ వెయ్యడం మరిచాను. సరిచూడమంటే సార్ ఏదో తొందరలో "మీరు రాసిండ్రంటే సహీ ఉంటది," అని వెళ్ళిపోయారు. హీనా అని పిలిచి చూశాను. ఉన్నానని జవాబొచ్చింది. పలికింది ఖస్ అని నాకేం తెలుసు!

ఆ వారంలోనే ఫలితాల జాబితా సాయంత్రానికల్లా ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. హీనాకు పంపాను. నాలుగింటికి మేడ మీది నుంచి సెక్షన్ ఆఫీసరు దిగొచ్చాడు. "జాబితా ఏదమ్మా? పంపానంటారు, పైన ప్రింటరేమో కదలదు. టైపింగ్‌లో మీ కుర్చీ దుమ్ము దులిపించమంటారా?"

సార్ తెర వైపు ఒక్కసారి చూశారు. "పైనుంచి సదువుండ్రి అమ్మా. మిషన్‌కి ఓపిక, సబర్ లేదు. పేరు ఏడ దొరికితే గాడ్నే ఆగుతది," అని చెప్పి అసర్ నమాజుకు వెళ్ళిపోయారు. ఆఫీసరు మళ్ళీ మేడెక్కాడు.

పైనుంచి చదివాను. మూడో వరుసలోనే పాత హీనా, ఇప్పుడు ఖస్‌దైన నంబరుతో, కూర్చుని ఉంది. జాలీ వేసి, జాబితా మళ్ళీ పంపాను. నిమిషంలో మేడ మీద ప్రింటరు కరకరమంది.

అప్పుడు నా కళ్ళు కొత్త వరుస చివరికి వెళ్ళాయి. నా పొట్టి సంతకం, రెండక్షరాలు. తుడిచేస్తే ఎవరు రాశారో ఆఫీసరు చెప్పలేడు. గదిలో నేనొక్కదాన్నే. వేలు మీట మీదికి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉంది కూడా. తుడవలేదు. అదేదో సత్యసంధత అనుకోకండి. తుడిస్తే సార్‌కి తెలిసిపోతుంది. తెలిసినా ఏమీ అనరు. అదే భరించలేననిపించింది.

సార్ వచ్చి, తెర మీద వేలు పెట్టి పైనుంచి కిందికి మొత్తం చదివారు. నా సంతకం దగ్గర ఆగారు. రెండు వేళ్ళతో, ఏరి ఏరి, పక్కన తన సంతకం కొట్టారు.

"ఇంతకీ తప్పు ఎవరిది?" అంటూ వచ్చాడు ఆఫీసరు.

"ఇద్దరిది సాబ్. ఆమె రాసింది, నేను సదవలే. సూడుండ్రి, రెండు సంతకాలున్నయ్. పంపుతే ఇద్దర్ని పంపుండ్రి టైపింగ్‌కు. నాక్గూడ ఒక కుర్చీ దులిపియ్యుండ్రి."

ఆఫీసరు సార్ రెండు వేళ్ళ వైపు చూశాడు, మూడు మిషన్ల వైపు చూశాడు. సరే సరే అంటూ వెళ్ళిపోయాడు. నేనేదో చెప్పబోయాను. "చాయ్ సల్లారుతది అమ్మా," అన్నారు సార్. రిటైరయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాను. ఆ జాలీ, ఆ రెండు సంతకాలూ కూడా ఉన్నాయి.

మొన్న సార్ వాళ్ళింటికి వెళ్ళి వచ్చాక నా టెలిఫోన్ నంబర్ల పుస్తకం తీశాను. మా ఇంట్లో అందరికీ నా అలవాటు తెలుసు; పోయినవాళ్ళ పేరు కొట్టెయ్యను. సార్ పేరు ముందు రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు గీశాను. చివర ఇంకో జాలీ వేసి, నా రెండక్షరాలు రాశాను.

సరిచూసినవాళ్ళ సంతకం దాని పక్కన ఉండాలి. ఆ చోటు వదిలిపెట్టాను.