తమలపాకు తోటలో నా కొత్త బూట్లు

డిగ్రీ చదివే రోజుల్లో మా లెక్చరరు ఒకాయన, "ఈ సెలవుల్లో ఏం నేర్చుకోవాలో మీరే తేల్చుకోండి. ఒకే సంగతిని మీ మీ శాస్త్రాలతో కలిపి చూడండి" అన్నాడు. ముగ్గురం జట్టుకట్టాం. ఒకడిది వృక్షశాస్త్రం, ఒకడిది చరిత్ర, నాది అర్థశాస్త్రం. పెత్తనం నాదే. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. కడప దగ్గర, పెన్న ఒడ్డున ఉన్న తమలపాకు తోటల మీద పెద్ద నివేదిక రాద్దామని నేనే తీర్మానించాను.

మొదటిరోజు పొద్దున, తెగులు తగిలి వదిలేసిన తోటొకటి చూశాం. కుళ్ళిన తీగల మొదళ్ళు చూసి, రోగం మట్టిలోనే ఉందని వృక్షశాస్త్రం వాడు రాసుకున్నాడు. అక్కడినుంచి నేరుగా పచ్చగా ఉన్న ఇంకో తోటకు పోయాం. తోట ముసలాయన దడి దగ్గరే ఆపాడు.

"చెప్పులు, బూట్లు ఈడ ఇడిసి, కాళ్ళు కడుక్కోని రండప్పా. తోటకు మడి శానా ముఖ్యం. ఇంటిల్లిపాదికీ ఇదే కూడు పెడ్తాండాది."

వాళ్ళిద్దరూ విడిచారు. చరిత్ర వాడు ఆ ఆచారాన్ని కూడా రాసుకున్నాడు. నేను విడవలేదు. ఆ వయసులో దేశంలోని మూఢనమ్మకాలన్నీ నా ఒక్కడి చేతిలో చావాలని రాసిపెట్టి ఉందనుకునేవాణ్ణి. పైగా బూట్లు కొత్తవి.

"తీగకు బూట్లేందో తెలుస్తాదా తాతా?" అని ఉపన్యాసం అందుకున్నాను. చదువుకునే పిల్లవాణ్ణి గెంటలేక ఆయన పక్కకు జరిగాడు. నా వాదనకు ఓడిపోయాడనుకుని మురిసిపోయాను.

నివేదికలో తెగులు ఒక అధ్యాయం, ఆచారం ఇంకో అధ్యాయం. రెంటినీ కలిపి కుట్టి అట్ట వేసింది నేనే. కలిపి చదవాలని మాత్రం తోచలేదు. సెలవుల తర్వాత లెక్చరరు అంతా చదివి ఒక్కటే అడిగాడు.

"ఆ తెగులు తోట మట్టి ఈ తోటలోకి రాకుండా ముసలాయన ఆపాడు కదా. మీరు ఆగారా?"

ఆ వారమే కడపకు పోయాను. తోటలో ఒక్క తీగ పచ్చగా లేదు. మొదళ్ళు నల్లబడి వేలాడుతున్నవాటిని ముసలాయన పీకి కుప్ప వేస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నా బూట్ల మట్టే తాతా, నీ తోటను చెరిపింది" అని దడి బయటినుంచే చెప్పేసి, వంగి బూట్ల తాళ్ళు విప్పబోయాను.

ఆయన పీకడం ఆపలేదు.

"ఉండనీలేప్పా, ఏసుకోనే రా. ఇంక ఈడ చెడేదేముండాది?"