ట్రయల్ బాబాయ్, రాజుగారి చంక

మా బాబాయ్ ఏ వస్తువునైనా షాపులోనే మొదట్నుంచి చివరిదాకా వాడి చూస్తే గానీ కొనడు. కుర్చీ కొనాలంటే ఒకసారి కూర్చుని లేచే రకం కాదు. పొద్దున్నే షట్టర్ తీయగానే వెళ్ళి కూర్చుంటాడు. పేపరంతా చదువుతాడు, ఓ కునుకు తీస్తాడు, భోజనం క్యారేజీ అక్కడికే తెప్పించుకుంటాడు. సాయంత్రం లేచి, "నడుం దగ్గర ఏదో తేడాగా ఉందండీ" అని వచ్చేస్తాడు. అందుకే మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన ట్రయల్ బాబాయ్.

గొడుగు కొన్నప్పుడు షాపాయన చేత నెత్తిన బిందెడు నీళ్ళు పోయించుకున్నాడు. పరుపు కొన్నప్పుడు షాపులోనే పడుకున్నాడు. లేవడానికి పక్క షాపు నుంచి అలారం గడియారం ట్రయల్‌కి తెచ్చుకున్నాడు. గడియారం మోగలేదు, ఫెయిల్. ఆయన లేవలేదు కాబట్టి పరుపు పాస్. పిన్ని ఫోన్ చేస్తే ఆ షాపాయన గుసగుసగా, "ఇంకా నిద్రలోనే ఉన్నారమ్మా, లేపమంటారా?" అని అడిగాడట.

"వద్దు బాబూ, అక్కడే ఉండనీ. ఇంటికొస్తే నా కూరకి ట్రయల్ మొదలెడతాడు" అంది పిన్ని.

ఇలాంటి మనిషికి కింద వాటాలో ఉండే టైలరత్తయ్య ఓ పని అప్పజెప్పింది. డీవీడీ ప్లేయర్ కొనిపెట్టమని. పచ్చిమాంసానికి పులిని కాపలా పెట్టినట్టే.

అత్తయ్య వయసులో ఉన్నప్పట్నుంచీ ఓ నాటకాల బృందానికి బట్టలు కుట్టింది. వాళ్ళతో పాటు విదేశం కూడా వెళ్ళింది గానీ, ఒక్క ఆట కూడా ముందు కూర్చుని చూడలేదు. ఎప్పుడూ తెర వెనకే, నోట్లో సూది పెట్టుకుని. ఆ విదేశంలో వేసిన ఆటని అక్కడి వాళ్ళు వీడియో తీసి డిస్క్‌గా అమ్ముతున్నారని ఈమధ్యే తెలిసి, నాటకం మాస్టారు ఒకటి తెప్పించి ఆవిడకి పంపాడు. ఆదివారం బృందమంతా ఆవిడింట్లో కూర్చుని చూడాలని ప్లాను.

ఇక్కడే ఉంది అసలు పేచీ. రాజు వేషం వేసే ఆయన ఇన్నేళ్ళుగా ఎక్కడ కనిపించినా ఆవిడని ఏడిపిస్తాడు. "ఆఖరి సీన్లో కత్తి ఎత్తాను, నీ కుట్టు ఊడి చంక ఇంత చిరిగింది. పరాయి దేశంలో పరువు తీశావు తల్లీ" అని.

"నేను వేసిన కుట్టు ఊడదు" అంటుంది అత్తయ్య. ప్రతిసారీ అదే మాట. "తమ్ముడూ, ఆదివారం ఆ డిస్క్ ఆడాలి. నిజం బయటపడాలి. నా చేతి పని గురించి మాట" అని బాబాయ్‌కి డిస్క్ ఇచ్చింది.

తోడుగా నన్ను లాక్కెళ్ళాడు. ఎలక్ట్రానిక్స్ చదివాను కదా, పనికొస్తానని. మేం వీధి మలుపు తిరగగానే పరుపుల షాపాయన ఎవరికో ఫోన్ చెయ్యడం కళ్ళారా చూశా. డీవీడీ షాపులోకి అడుగుపెట్టేసరికి ఓనరు రెండు చేతులూ జోడించేసి ఉన్నాడు.

"సార్, ఇక్కడ పడుకోవడం కుదరదు."

"పడుకోనండీ. సినిమా చూస్తా, అంతే" అన్నాడు బాబాయ్.

మొదటి ప్లేయర్‌లో డిస్క్ పెడితే, ఈ డిస్క్ ఈ ప్రాంతంలో చెల్లదు అని తెర మీద వచ్చింది. డిస్క్ పాడైందన్నాడు ఓనరు. నాకు హుషారొచ్చేసింది. అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మ, అందులో ఒక అంకె చూపించా. "లోకాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో అంకె ఇచ్చారు బాబాయ్. అక్కడి అంకె ఉన్న డిస్క్ ఇక్కడి ప్లేయర్‌లో ఆడదు. అన్ని అంకెలూ ఆడే ప్లేయర్ కావాలి."

"మనిషికి పాస్‌పోర్టు అంటే అర్థం ఉంది. బొమ్మక్కూడానా?" అన్నాడు బాబాయ్.

ఓనరు అన్ని అంకెలూ ఆడేది తీశాడు. షాపు టీవీలో రంగులతో దివ్యంగా ఆడింది. "తీసుకుందాం పద" అన్నా నేను.

"ఆడింది ఆయన టీవీలో కదా, అమ్మడూ. అక్కయ్య టీవీలో ఆడాలి."

"టీవీ అంటే టీవీయే కదా బాబాయ్."

"కాపురం చెయ్యాల్సిన వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకోవద్దూ?"

మర్నాడు దుమ్ము దులిపిస్తానని చెప్పి అత్తయ్య డబ్బా టీవీని తోపుడు బండి మీద పెట్టించాడు. దాని మీద ఆవిడ కుట్టిన లేసు గుడ్డ కూడా తియ్యనివ్వలేదు, ట్రయల్ అంటే ఇంట్లో ఎలా ఉంటే అలాగే ఉండాలట. ముందు బాబాయ్, మధ్యలో ముసుగేసుకున్న టీవీ, వెనక నేను. వీధి వీధంతా పనులాపి చూసింది. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

"ఎక్కడికండీ?"

"పెళ్ళిచూపులకి" అన్నాడు బాబాయ్. కానిస్టేబుల్ ముసుగు వంక ఓసారి చూసి, దారిచ్చేశాడు.

ఆయన తిక్కే గెలిచింది. నిన్న దివ్యంగా ఆడిన ప్లేయర్ ఈ టీవీకి తగిలించగానే బొమ్మ నలుపూ తెలుపూ అయిపోయి, కిందనుంచి పైకి గిర్రున దొర్లడం మొదలెట్టింది. రాజుగారి కాళ్ళు పైన, కిరీటం కింద. నాకు తల కొట్టేసినంత పనైంది. అంకెల తాళం ఒకటే అనుకున్నా, రెండో తాళం మర్చిపోయా. రంగుల బొమ్మని టీవీకి పంపే పద్ధతి కూడా దేశానికో రకం. అక్కడ ఎన్‌టీఎస్‌సీ, ఇక్కడ పాల్. కొత్త టీవీలు రెండూ అర్థం చేసుకుంటాయి, ఈ ముసలి టీవీకి పాల్ ఒక్కటే వచ్చు. అంటే బొమ్మని పాల్‌లోకి ప్లేయరే మార్చి పంపాలి.

"చదువుకున్న దానివి, నిన్న చెప్పలేదేం?" అన్నాడు బాబాయ్.

"నువ్వు ట్రయల్ వేస్తావుగా అని" అన్నా. ఏం చేస్తాం మరి.

అలా మార్చి పంపేవి ఓనరు దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి తళతళలాడేది. రంగులొచ్చాయి, బొమ్మ నిలబడింది. ఓనరు బిల్లు పుస్తకం తీశాడు. "చివరిదాకా" అన్నాడు బాబాయ్, కుర్చీ లాక్కుని. ఆట అంతా చూశాం. సరిగ్గా ఆఖరి సీన్లో రాజు కత్తి పిడి మీద చెయ్యి వెయ్యగానే బొమ్మ బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే. ఓనరు బిల్లు పుస్తకం మూసి, నిచ్చెన తెచ్చి, పై అరలోంచి రెండోది దించాడు. ఇటుకలా ఉంది. ఎవరూ కొనక దాని డబ్బా రంగు కూడా వెలిసిపోయింది.

మళ్ళీ మొదట్నుంచి. ఈసారి షాపుకొచ్చిన వాళ్ళు కూడా నిలబడిపోయి చూస్తున్నారు, కొందరికి డైలాగులు కూడా వచ్చేశాయి. ఆఖరి సీన్. రాజు కత్తి దూశాడు. ప్లేయర్ ఆగలేదు. కత్తి పైకెత్తాడు.

చంక చిరిగి ఉంది. ఇంత పొడుగున.

తెర పడింది. నేను బాబాయ్ చెవి దగ్గరికి వంగా. "బాబాయ్, అత్తయ్య ఓడిపోతుంది. ఏ ప్లేయర్‌లోనూ ఆడలేదని చెప్పేద్దాం."

"డిస్క్ ఇంకా తిరుగుతోంది" అన్నాడు కదలకుండా.

ఈ మనిషితో పెట్టుకోలేక నేనూ ఓనరూ టీకి వెళ్ళిపోయాం. తిరిగొచ్చేసరికి బాబాయ్ టీవీ ముందు ఒక్కడే కూర్చుని చెవుల దాకా నవ్వుతున్నాడు. "ఇదే తీసుకుంటున్నాం. ఆదివారం వెయ్యాల్సిందే."

"ఆవిడ పరువు పోతుంది బాబాయ్."

"వస్తువు బాగుంది" అన్నాడు. దారంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆదివారం అత్తయ్య ఇల్లు కిటకిటలాడింది. రాజుగారు ఇప్పుడు కాస్త బొజ్జ పెంచి, ఉన్న ఒక్క సోఫాలో సగం ఆక్రమించాడు. మిగతా సగంలో మాస్టారు. అత్తయ్య కుట్టు మిషను స్టూలు మీద నిటారుగా కూర్చుంది. ఇటుక ప్లేయర్ మొదలైంది. తెర లేవగానే ఆవిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది. రాణి పమిట జరీ వెలుగులో మెరిస్తే, "అబ్బ, ముందునుంచి ఇలా ఉండేదా?" అంది, ఎవరితోనూ కాదు. అది చాలు, ఇక్కడే ఆపేయండి అనాలనిపించింది నాకు.

ఆఖరి సీన్ రానే వచ్చింది. కత్తి లేచింది. చంక.

"చూశారా? చూశారా? అంతా చూశారుగా" రాజుగారు సోఫా మీద గెంతినంత పని చేశాడు. అందరూ పగలబడి నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. ఒళ్ళో ఉన్న చీర అంచుని వేళ్ళతో నొక్కుకుంటూ, "ఊడిందా..." అంది. తెర పడింది. పేర్లు పైకి పాకుతున్నాయి. జనం లేస్తున్నారు, ఎవరో లైటు వేశారు.

"కూర్చోండి" అన్నాడు బాబాయ్. "ఇంకా అవ్వలేదు. నేను చివరిదాకా చూశా."

పేర్లయ్యాక తెర నల్లబడింది. ఆ తర్వాత, ఆ రోజు తెర వెనక తీసిన ముక్కలు మొదలయ్యాయి. ఒకాయన మీసం అంటించుకుంటున్నాడు. రాణి అరటిపండు తింటోంది. రాజుగారు అద్దం ముందు కత్తి తిప్పుతూ ప్రాక్టీసు చేస్తున్నాడు. తిప్పుతూ తిప్పుతూ వెనక్కి వెళ్ళి తలుపు గొళ్ళేనికి చంక తగిలించుకున్నాడు. గట్టిగా లాగాడు. పర్రున చిరిగిన చప్పుడు డబ్బా టీవీలో కూడా ఎంత బాగా వినిపించిందో చెప్పలేను. రాజుగారు అటు చూశాడు, ఇటు చూశాడు, చంక బిగించి పట్టుకుని, పిల్లిలా స్టేజీ మీదికి జారుకున్నాడు. పక్కనే నేల మీద, నోట్లో సూదితో, ఇవేవీ తెలియకుండా ఎవరి అంగరఖానో కుడుతూ అత్తయ్య ఉంది.

నవ్వులకి ఇంటి కప్పు లేచిపోయింది.

"ప్రభూ, గొళ్ళెంతో యుద్ధమా?" అన్నాడు మాస్టారు.

రాజుగారు సోఫాలో ఎంత కూరుకుపోవచ్చో అంతా కూరుకుపోయి, "అప్పుడే చెబితే నువ్వు చంపేసేదానివి కదమ్మా" అన్నాడు.

"ఇప్పుడు మాత్రం వదుల్తాననుకున్నావా" అంది అత్తయ్య. లేచి నిలబడి మరీ అంది. "మళ్ళీ వెయ్యి తమ్ముడూ, ఆ గొళ్ళెం దగ్గర్నుంచి." ఎన్నిసార్లు వేయించుకుందో లెక్క లేదు. ఇటుక ఒక్కసారి కూడా తడబడలేదు.

మెట్లెక్కుతూ నేను నిలదీశా. "ముందే తెలుసుగా, నాకైనా ఎందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే అక్కయ్యకి చెబుతావు, అక్కయ్య వీధంతా చెబుతుంది. అప్పుడు రాజు వస్తాడా అమ్మడూ?"

వారం తిరక్కుండా అత్తయ్య ఓ చొక్కా కుట్టి తెచ్చింది. "వేసుకుని చూడు తమ్ముడూ, ఎక్కడైనా బిగుతైతే సరిచేస్తా" అంది. పిన్నీ నేనూ ఊపిరి బిగబట్టాం. ఇక ఆ చొక్కాతో పడుకుంటాడు, నెత్తిన బిందెడు నీళ్ళు పోయించుకుంటాడు.

"అక్కర్లేదక్కా. మీ కుట్టుకి ట్రయల్ అయిపోయిందిగా" అని మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు.

చొక్కా చేతులు బాగా పొడుగయ్యాయి. పండక్కీ పబ్బానికీ అదే వేసుకుంటాడు, రెండు మడతలు పెట్టి.