పెద్దమ్మ గొంతు ఇచ్చింది నేనే

ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. దాచడం అలవాటై, అసలు తప్పే జరగలేదేమో అని కూడా ఒక్కోసారి అనుకున్నాను. కానీ చర్చిలో పెద్దమ్మ పక్కన కూర్చున్న ప్రతిసారీ లోపల ముడుచుకుపోతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమలాపురంలో తెలుగు లెక్చరర్ని. కంప్యూటర్లకు తెలుగు నేర్పడానికి జనం మాటలు పోగుచేసే పనిలో చేరాను. షరతు ఒకటే. ఆ సేకరణలో పెట్టిన గొంతును ఎవరైనా, దేనికైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇచ్చాక ఆ అనుమతిని వెనక్కి తీసుకోలేం. అది మంచి షరతే. ఇప్పటికీ అదే అంటాను.

రాజోలు దగ్గరున్న పెద్దమ్మను మాట్లాడించి రికార్డు చేశాను. మాటల్లో పడి కువైట్ సంగతి చెప్పింది. అక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం చేశానని ఊరందరికీ చెప్పుకున్న మనిషి, నిజానికి ఒక ఇంట్లో పాచిపని చేశానని, వాళ్లు తినగా మిగిలింది వంటగదిలో నిలబడి తిన్నానని నవ్వుతూనే ఏడ్చింది. అంతలో ఉలిక్కిపడింది.

"ఇదెవరు వింటారమ్మా?"

"మా కాలేజీవాళ్లే, పెద్దమ్మా."

"బయటికెళ్లదు కదా?"

"ఆయ్, వెళ్లదు."

"అయితే సరేలే. నువ్వు చెప్పేవు కదా."

ఎందుకలా అన్నాను? షరతు చెబితే వద్దంటుందని తెలుసు. పోనీ, ఆ ముక్క కోసేసి మిగతాది పెట్టొచ్చు కదా? ఆ ముక్కలో ఉన్నంత ప్రాణం నేను పోగుచేసిన తెలుగులో మరెక్కడా లేదు, దాని కింద సేకర్తగా నా పేరుంటుంది. అంతే కారణం. మొత్తం పెట్టేశాను.

కొన్నాళ్లకు ఎవరో ఆ ముక్కను కార్టూన్ బొమ్మ నోట పలికించి నవ్వుల వీడియో చేశారు. వాళ్లు షరతు దాటలేదు. మాట తప్పింది నేను. వీడియో ఊరంతా తిరిగింది, గొంతు పోల్చనివాళ్లు లేరు. చర్చి స్త్రీల కూటంలో పెద్దమ్మ ప్రార్థన చెయ్యడం మానేసింది. తీసేయమని నేను రాస్తే సేకరణలోంచి తీసేశారు. కాపీలు చేసుకున్నవాళ్లను ఎక్కడ వెతకను?

ఆ మాటలు బయటికెలా పోయాయో తెలియక, ఫోన్లు మన మాటలు దొంగచాటుగా వింటాయట, నిజమేనా అని ఆమె నన్నే అడిగింది. నిజమేనన్నాను. అప్పటినుంచి కూతురు ఫోన్ చేసినా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. మొదటి అబద్ధం ఆశకొద్దీ ఆడాను. రెండోది, ఆమె బాధను కళ్లారా చూస్తూ ఆడాను.

ఫోన్ కాదు పెద్దమ్మా, నేను. ఆమె ముందు ఈ మాట ఇంకా అనలేదు. అనగలనో లేదో తెలియదు. ఇక్కడ రాయగలిగాను. అంతవరకే ఊపిరాడుతోంది.